మామగారి జీపుకు ఊపిరి వాల్వు

మా మామగారి జీపు ఏ యుద్ధంలో ఎవరి పక్షాన పోరాడిందో నాకు తెలియదు గానీ, నా పెళ్ళయ్యే నాటికి అది అన్ని పక్షాలనూ సమానంగా చంపగల స్థితిలో ఉంది. మిలిటరీ వాళ్ళు వేలంలో వదిలించుకున్న సరుకు. ఆయనకు రెంటచింతల దగ్గర పత్తి సేద్యం. అక్కడి నుంచి జీపు వేసుకుని మా నరసరావుపేటకు వస్తుంటే నకరికల్లు దగ్గర రైతులు మబ్బు పట్టిందనుకుని కళ్ళాల్లో మిరపకాయలు పోగుచేసి పట్టాలు కప్పేవాళ్ళు.

పొగ వెనక గొట్టంలోంచి మాత్రమే వస్తే లోకం సంగతి లోకం చూసుకునేది. ఇంజను కడుపులో పుట్టిన నూనె ఆవిరిని ఒక గొట్టం గుండా మళ్ళీ ఇంజనుకే పంపి కాల్చేయడానికి బొటనవేలంత ఇత్తడి వాల్వు ఒకటి ఉండాలి. మా మామగారి జీపులో ఆ వాల్వు ఏ కాలంలోనో రాలిపోయింది, గొట్టం పుచ్చిపోయింది. ఆవిరంతా గేరు రాడ్డు పక్కనున్న కంతలోంచి తిన్నగా ముందు సీటు మనిషి ముక్కులోకి వచ్చేది. ముందు సీటేమో మర్యాద సీటు. అల్లుణ్ణి కనుక అది నాది. వెనక కూర్చుంటానంటే, అల్లుణ్ణి సామాను పక్కన పడేశాడని ఊరు అనుకోదా అనేవారు. నా పెళ్ళి ఫొటోలో తెల్లగా ఉన్నవాణ్ణి నేనేనంటే మా వీధిలో ఎవరూ నమ్మేవాళ్ళు కాదు.

ఆ ఎండాకాలం నా భార్యకు ఏడో నెల. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి. తీసుకెళ్ళడానికి మామగారు, అత్తగారు జీపులో దిగారు. ఆ శనివారంతో ఏడో నెల వెళ్ళిపోతుంది. ఎనిమిదిలో గర్భిణి ఊరు దాటకూడదు. తొమ్మిదో నెల దాకా ఆగితే, ఆ గతుకులకు మనవడు దారిలోని సున్నపుబట్టీల మధ్య ఎక్కడో సొంతంగా దిగిపోతాడు.

జీపు మా వీధి చివరి దాకా వెళ్ళింది. అక్కడ నా భార్య ఆపమని, దిగి, ఉదయం తిన్నదంతా కక్కి, నడిచి ఇంటికి వచ్చేసింది. ఇక చచ్చినా అది ఎక్కనంది. మా ఇంట్లో ఆడది బస్సెక్కిన ఆనవాయితీ లేదన్నారు మామగారు. ఆమె మంచం మీద అటు తిరిగింది, ఆయన కుర్చీలో ఇటు తిరిగారు. మాది ఒక్కటే గది. నేను తిరగడానికి వైపు మిగల్లేదు.

అప్పటి నుంచి తండ్రీకూతుళ్ళు నా ద్వారానే మాట్లాడుకున్నారు. మీ ఆవిడతో చెప్పండి అని ఆయన, మీ మామగారితో చెప్పండి అని ఆమె. రెండడుగుల దూరంలో ఉన్న మనుషుల మాటల్ని మోసీ మోసీ నా గొంతు బొంగురుపోయింది. అత్తగారు మాత్రం మూల కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతూనే ఉంది. మా ఇంట్లో అన్ని బియ్యం ఉన్నాయని నాకు అప్పటిదాకా తెలియదు.

ఇక వాల్వు వెతకడమే మార్గం. పేటలో స్పేరుపార్ట్సు కొట్లన్నీ తిరిగాను. ఒకాయన, దీన్ని తయారుచేసినవాళ్ళు ఈపాటికి పోయుంటారు, మనవళ్ళను కనుక్కోమన్నాడు. గుంటూరు పాత ఇనుము కొట్లలో మూడు లారీల తుక్కు తిరగేస్తే నాకు దొరికింది ఒక తేలు.

చివరికి పల్నాడు రోడ్డులో షెడ్డు నడిపే మెకానిక్కు సాయిబు పూనుకున్నాడు. పెట్రోలు ఒక్కటే తను చేయలేడనీ, అదీ తీరిక లేకనేననీ చెప్పుకునే మనిషి. షెడ్డు నిండా పత్తి రైతులు మందు కొట్టే స్ప్రేయర్లు రిపేరుకు పట్టుకొచ్చి కూర్చున్నారు. ఆయన ఒక పాత స్ప్రేయరు విప్పి, గోలీ ఉన్న చిన్న వాల్వు బయటికి తీశాడు.

"మందును పైకి పోనిచ్చేది ఇదే, ఎనక్కి రానీయనిదీ ఇదే. ఆవిరికి మాత్రం ఏం రోగం?" అన్నాడు.

లేతు మీద మర వేయించాడు. లోపలి స్ప్రింగు బిగువుగా ఉంటే ఆవిరి కదల్లేదు, వదులుగా ఉంటే ఇంజను ఎక్కిళ్ళు పెట్టింది. చుట్టు చుట్టు కత్తిరిస్తూ పొద్దు వాలేసరికి సరిచేశాడు. స్ప్రేయరు రబ్బరు గొట్టమే కొలిచినట్టు అమరింది. ఇంజను తిప్పితే కంతలోంచి పొగ అన్నమాట లేదు. మామగారు గేరు రాడ్డు దగ్గర ముఖం పెట్టి దీర్ఘంగా పీల్చారు. సాయిబు పీల్చాడు. రైతులు వరసకట్టి తీర్థం పుచ్చుకున్నట్టు పీల్చి, ఏమీ లేదని తేల్చారు.

నేను పీల్చాను. నా కళ్ళలోంచి కృష్ణ, దాని ఉపనదులు పారాయి. పురుగుమందు! ఏళ్ళ తరబడి మందు తాగిన రబ్బరు గొట్టం వేడెక్కి కక్కుతోంది. ఆ మాటే అన్నాను. అందరూ నా వైపు జాలిగా చూశారు.

"వాసనేంది అల్లుడు గారూ, అది పంట," అన్నారు మామగారు.

గొట్టం మార్చమని కాళ్ళావేళ్ళా పడ్డాను. సైకిలు పంపు గొట్టం వేస్తే కరిగి కారిపోయింది. సరైనది గుంటూరు నుంచి సోమవారం తెప్పిస్తానన్నాడు సాయిబు. ఏడో నెల సోమవారం దాకా ఆగదు కదా.

శనివారం పొద్దున జీపు గుమ్మం ముందు నిలబడింది. నా భార్య సంచీతో గడప దాకా వచ్చి ఆగిపోయింది. ఈసారి నన్ను మధ్యన పెట్టకుండా తండ్రినే అడిగింది.

"నాన్నా, తీసుకుపోయేది కూతుర్నా, కాయతొలుచు పురుగునా?"

"నాకేం వాసన రాట్లేదే."

"నీకెట్టా వస్తది? ఏడాది పొడుగునా దాన్లోనే ఉంటివి."

అప్పుడు అత్తగారు బియ్యం చాట కింద పెట్టి లేచింది. పెళ్ళయింది మొదలు ఆ జీపు వెనక సీట్లో ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని తిరిగిన మనిషి. ఆమెను ఎవరూ ఏమీ అడిగింది లేదు.

"నాకు వస్తంది. పొగ ఉన్నప్పుడు దాని కంపు గూడా వచ్చేది," అని కూతురి చేతిలో సంచీ తీసుకుంది. "పదమ్మా, మాచర్ల బస్సు పోద్ది."

"ఏమే," అన్నారు మామగారు. ఆమె వెనక్కి తిరగలేదు. వీధి మలుపు దాకా ఆయన ఆమె వీపును, ఏ దేశపు మనిషో అన్నట్టు చూశారు.

తర్వాత తేరుకుని పరువుకు ఒక దారి కనిపెట్టారు. బస్సుకు ముందు మన జీపు నడవాలి, చూసేవాళ్ళకు బస్సు మన వెనక వస్తున్నట్టుండాలి. బస్టాండులో కండక్టరు నా భార్యకు కిటికీ పక్కన సీటు ఇప్పించాడు. నేనూ ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టాను. వెనక నుంచి, "అల్లుడు గారూ, ముందు సీటు ఖాళీగా ఉంది," అని వినిపించింది. కాలు దించాను.

నకరికల్లు దాకా పరువు నిలిచింది. అక్కడ బస్సు హారను కొట్టి మమ్మల్ని దాటేసింది. కిటికీలో నా భార్య తల్లి భుజం మీద తల వాల్చి, నోరు తెరుచుకుని నిద్రపోతోంది. అత్తగారు ఆకులో తాటిముంజలు పెట్టుకుని తింటోంది. మమ్మల్ని చూసింది గానీ చెయ్యి ఊపలేదు. చేతులు ఖాళీ లేవు.

బస్సు దుమ్ములోనే జీపు నడుపుతూ మామగారు గొంతు తగ్గించి అడిగారు.

"అల్లుడు గారూ, నిజంగానే చానా వస్తందా?"

తల జీపు బయటపెట్టి, అక్కడ దొరికిన దుమ్మే మహాప్రసాదంగా పీలుస్తూ, "లేదండీ మామయ్య గారూ," అన్నాను. రెంటచింతల ఇంకా ఎక్కడో ఉంది.