ఆన్ కాల్ ఆదివారాలు

ఇంగ్లండులోని లింకన్‌షైర్ కౌంటీలో చూడ్డానికి ఏమీ లేదని నాకు చెప్పింది మా ఆయనే. ఆయన హాస్పిటల్ పోస్టు కోసం కోవెంట్రీలో నా ఉద్యోగం మానుకుని, మూడేళ్ల పాపని తీసుకుని లింకన్‌కి వచ్చాను. అది రెండువేల పదమూడు. వచ్చిన కొత్తలోనే ఒక సైకిల్ కొనుక్కుంటానని అడిగాను. పెళ్లికి ముందు కాకినాడలో నేను కాలేజీకి సైకిల్ మీదే వెళ్లేదాన్ని.

"ఎక్కడికి తొక్కుతావే? అంతా చదును నేల, క్యాబేజీ పొలాలూ బురదానూ. ఈ కౌంటీకి ఈ దేశం వాళ్లే రారు" అన్నారు.

నమ్మాను. ఆయన నాకంటే ఆర్నెల్లు ముందొచ్చి చూసిన మనిషి కదా అనుకున్నాను.

డాక్టర్ల ఇళ్లలో రోటాకి, అంటే డ్యూటీల పట్టికకి, తిరుగుండదు. పుట్టినరోజులూ పండగలూ అన్నీ దాని తర్వాతే. మా ఫ్రిజ్ మీద అతికించిన ఆ కాగితమే మా ఇంటి పంచాంగం. దాన్ని మా ఆయనే తన చేత్తో రాసి పెట్టేవారు. హాస్పిటల్ వాళ్లిచ్చిన అసలు రోటా చూపించమని ఏ భార్య అడుగుతుంది? నెలకి మూడు ఆదివారాల ఎదురుగా ఎర్ర సిరాతో "ఆన్ కాల్" అని ఉండేది. ఆ రోజుల్లో పాపకి నేను, నాకు పాప.

ఆదివారం క్యాంటీన్లో శాకాహారం దొరకదన్నారని ఐదింటికే లేచి దద్ధోజనం కలిపేదాన్ని. అల్లం, పచ్చిమిర్చి, పైన దానిమ్మ గింజలు. ఇస్త్రీ చొక్కా, మెడలో ఐడీ కార్డు, చేతిలో డబ్బా. అలా వెళ్లిన మనిషి సాయంత్రం ఎర్రగా కందిన మొహంతో వచ్చేవారు. వార్డులో హీటింగ్ మరీ ఎక్కువ పెడుతున్నారని చెప్పేవారు. పిక్కలు లాగుతున్నాయంటే, రౌండ్లు తిరిగీ తిరిగీ అలిసిపోయారు పాపం అని కొబ్బరినూనె వెచ్చజేసి కాళ్లు పట్టాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఏడాదిన్నర ఇలాగే గడిచింది. ఒక శనివారం, అదే హాస్పిటల్లో కన్సల్టెంట్‌గా ఉన్న తెలుగు అంకుల్ వాళ్లు భోజనానికి పిలిచారు. మా ఆయనకి ఆ రోజు నిజంగానే డ్యూటీ ఉంది. నేనూ పాపా వెళ్లాం. వంటింట్లో ఆంటీ పక్కన నిలబడి గారెలు వేస్తున్నాను.

"నీ చేతి దద్ధోజనమంటే మా ఆయనకి ఎంతిష్టమో తెల్సా? ఆ దానిమ్మ గింజలెయ్యడం ఎవరు నేర్పారే నీకు?" అన్నారావిడ.

"అంకుల్ ఎప్పుడు తిన్నారాంటీ?"

"అదేంటమ్మా, ఆదివారం వస్తే చాలు, ఇద్దరూ సైకిళ్లేసుకుని పోతారుగా! నది ఒడ్డున కూచుని తింటారంట. మీ ఆయన సైకిలుండేది మా గ్యారేజీలోనే కదా."

బాణలిలో గారె మాడిపోయింది. ఆవిడ తప్పేమీ లేదు, నాకు తెలుసనే అనుకున్నారు. నవ్వేసి, ఆ సైకిల్ ఒకసారి చూపించమన్నాను. నీలం రంగుది, ముందు చిన్న సంచీ ఉంది. సంచీలో లింకన్‌షైర్ మ్యాపు. విథమ్ నది పక్కన పాత రైలు కట్ట మీద వేసిన సైకిల్ దారి, బార్డ్నీ, సౌత్రీ, వుడ్‌హాల్ స్పా, అక్కణ్నుంచి హార్న్‌కాజిల్, ఆపైన వోల్డ్స్ కొండల్లోకి పోయే సన్నటి రోడ్లు. వెళ్లిన ప్రతి దారినీ ఎర్ర సిరాతో గీసుకున్నారు. ఏమీ లేని కౌంటీలో ఇన్ని గీతలెలా వచ్చాయని అక్కడే నిలబడి ఏడ్చాను.

ఇంకొక ఆడదాని కోసం వెళ్లి ఉంటే తిట్టడానికి మాటలు తడుముకోవాల్సిన పని ఉండేది కాదు. పొలాల గట్లు చూడ్డానికి అబద్ధమాడిన మొగుణ్ని ఏమని తిట్టాలి? అయినా ఆ రాత్రి వదల్లేదు, నోటికొచ్చిందల్లా అనేశాను. ఫ్రిజ్ మీది రోటా చింపి ఆయన ముందు పడేశాను. "ఈజ్ డాడీ ఇన్ ట్రబుల్?" అని పాప మెట్ల మీంచి తొంగి చూసింది.

"వారమంతా రోగులే, ఇంటికొస్తే ఇల్లు. ఒక్క పూట ఊపిరి తీసుకుందామనిపించింది. తప్పయిపోయింది, ఇంకెప్పుడూ చెయ్యను" అన్నారు మా ఆయన.

నేను మాట్లాడ్డం మానేశాను. కొన్నాళ్లకి ఆయనే నాకో సైకిల్ కొని తెచ్చారు. మే నెలలో ఒక ఆదివారం పాపని ఆంటీ దగ్గర ఉంచి, నది పక్క దారికి నన్ను తీసుకెళ్లారు.

అంత బాగుంటుందనుకోలేదు. ఒక్క కారు లేదు, ఎత్తుపల్లాలు లేవు. ఒక పక్క నది, ఇంకో పక్క కనుచూపు మేర పసుపు పూల చేలు. దారి పక్కన ఇనుముతో చేసిన ఆవుల బొమ్మలు. వెనక్కి తిరిగినప్పుడల్లా దూరంగా కొండ మీద లింకన్ కథీడ్రల్ కనపడుతూనే ఉంది. ఏ బెంచీ మీద ఎండ పడుతుందో, హంసలు ఎక్కడ గుడ్లు పెడతాయో ఆయనకి అన్నీ తెలుసు. సౌత్రీ దగ్గర ఎప్పుడో మూతపడ్డ స్టేషన్ ప్లాట్‌ఫారం చూపించి, చిన్నపిల్లాడిలా దాని మీదికెక్కారు. అంత సంతోషంగా ఉన్న మనిషి మీద కోపం నిలుపుకోలేకపోయాను.

మళ్లీ బయల్దేరి పక్కపక్కనే తొక్కుతూ అడిగాను.

"ఇంత బాగుందని ఒక్కసారైనా నాకు చెప్పాలనిపించలేదా?"

"ఎందుకనిపించలేదూ? వచ్చిన ప్రతిసారీ అనిపించేది" అన్నారు దారి మీంచి చూపు తిప్పకుండా. "కానీ చెప్తే నువ్వూ వస్తానంటావు కదా."

కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినంత మామూలుగా అన్నారు. ఆ మాట ఎవరికి తగిలిందో కూడా చూసుకోలేదు. నా కాళ్లు ఆగిపోయాయి. ఆయన వుడ్‌హాల్లో దొరికే ఐస్‌క్రీం గురించి చెప్పుకుంటూ ముందుకు పోతూనే ఉన్నారు. పక్కన నేను లేనని చాలాసేపటికి గానీ గమనించలేదు. అప్పటికే నేను సైకిల్ వెనక్కి తిప్పేశాను.

పేరు పెట్టి పిలిచారు. వినబడింది. లింకన్ వచ్చేదాకా ఎక్కడా కాలు కింద పెట్టలేదు.