అత్తగారి పేరుతో బతికిన మా అక్క

మొన్న పొద్దున్నే అప్పనపల్లి నుంచి పడవ మనిషి వచ్చి మా వాకిట్లో నిలబడి, "తమ బావగారి అమ్మగారు తెల్లారగట్ల పోయేరండి, ఉన్నపళంగా రమ్మన్నారండి" అన్నాడు. బావగారి తల్లి పోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఇప్పుడు పోయింది మా అక్క. పడవ మనిషి తప్పేమీ లేదు, ఆ ఊళ్ళో అందరూ ఆమెను అలాగే అనేవారు. అలా ఎందుకు అనేవారో నలుగురికీ తెలియాలని ఇది రాస్తున్నాను.

పెళ్ళికి ముందు మా అక్క ఒట్టి వాగుడుకాయ. ఎవరినైనా ఇట్టే వెక్కిరించి నవ్వించేది. కాపురానికి వెళ్ళిన కొన్నాళ్ళకు అత్తగారు పోయారు. మరుసటి ఏడు అక్కకు కొడుకు పుట్టాడు. పురుడు వెళ్ళిన వారానికే ఆమెకు నిద్ర పట్టడం మానేసింది. బిడ్డను కాలువ ఎత్తుకుపోతుందని ఏడ్చేది, పాలివ్వబోయి భయంతో వెనక్కి జరిగేది. అత్తింటివాళ్ళు దయ్యం పట్టిందన్నారు. చీకటి గదిలో పెట్టి, ఒక కొయ్యదుంగకు కన్నం తొలిచి, అందులో కాలు దూర్చి మేకు దిగ్గొట్టారు. దాన్ని బొండ వేయడం అంటారు. దొంగలకూ అదే, మతి చెదిరినవాళ్ళకూ అదే.

భూతవైద్యుణ్ణి పిలిపించారు. వాడు మిరపకాయల పొగ పెట్టి, చింతబరికెతో కొడుతూ "ఎవరు నువ్వు? పేరు చెప్పు" అనేవాడు. అక్క తన పేరే చెప్పేది. "అబద్ధమాడుతోందండి" అని ఇంకా కొట్టేవాడు. మా నాన్న కబురందుకుని వెళ్ళి, వాళ్ళ అరుగు మీద కూర్చుని చెవులు మూసుకునేవారు. చివరికి ఒకనాడు అక్క తలెత్తి అత్తగారి పేరు చెప్పింది. బరికె ఆగిపోయింది. బావగారు "అమ్మా!" అంటూ ఆమె కాళ్ళ మీద పడ్డారు. ఇంటి పెద్దావిడ మీద చెయ్యెవరు చేసుకుంటారు? "ఈవిడ చల్లని తల్లండి, వెళ్ళగొట్టకండి, ఉండనివ్వండి" అని భూతవైద్యుడు సంభావన పుచ్చుకుని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే బొండ ఊడదీశారు.

కొన్ని నెలలకు ఆ జబ్బు దానంతటదే పోయింది. కానీ అప్పటికే ఆ ఇంట్లో మా అక్క లేదు. తల్లి అనుకున్న మనిషితో కాపురం ఎలా చేస్తారు? బావగారు మళ్ళీ పెళ్ళి చేసుకున్నారు. పిల్లవాడు ఆ వచ్చినావిడను అమ్మ అన్నాడు, అక్కను నాయనమ్మ అన్నాడు. ఊహ తెలిశాక వాడికి, "నిన్ను కన్న అమ్మ నువ్వు పుట్టినప్పుడే పోయింది, ఆ ఒంట్లో ఉన్నది నాయనమ్మ" అని చెప్పారు.

"నిజం చెప్పెయ్యవే అక్కా" అని ఎన్నోసార్లు బతిమాలాను.

"నిజం చెప్పినందుకే కదరా కొట్టేరు" అనేది.

అత్తగారికి ఇష్టమని పనసపొట్టు కూర వండి వడ్డించేవారు. మా అక్కకు చిన్నప్పటి నుంచీ అది గిట్టదు. మాట్లాడకుండా తినేసేది. కొడుకు పంచె మాత్రం ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. తనే ఉతికి, దండెం మీద ఆరేసి, ముడతలు పోయేదాకా చేత్తో నిమురుతూ నిలబడేది. "ఇదొక్కటీ ఎవరూ కాదనలేదురా తమ్ముడూ" అంది ఒకసారి.

ఒకే ఒక్కసారి తెగించింది. వాడి ఒడుగునాడు, జంధ్యం వేసే ముందు తల్లీ కొడుకులు ఒకే విస్తట్లో కలిసి తినాలి కదా, రెండో ఆవిడ పీట మీద కూర్చోబోతుంటే అక్క వచ్చి అడ్డం నిలబడింది. "అది నా చోటు. నేను వాడి అమ్మని" అంది. "అమ్మ వెళ్ళిపోయింది, మళ్ళీ ఆ పిశాచం వచ్చింది" అని బావగారు కేకపెట్టారు. ఎవరో అటక మీంచి బొండ దింపారు. అక్క దాని వంక చూసింది.

"వేళాకోళానికన్నానురా నాయనా, కానివ్వండి" అంది బావగారితో. తాళి కట్టిన మనిషిని నాయనా అని పిలిచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తెలిసినవాళ్ళను అడిగి చూశాను. అమలాపురంలో ఒక ముసలి వైద్యులుగారు, "బాలింతలకి వచ్చే ఉన్మాదం బాబూ అది. కంటినిండా నిద్ర, కాస్త నెయ్యి, దగ్గర ఒక మనిషి ఉంటే సర్దుకునేది" అన్నారు. కాకినాడలో ఒక దొర డాక్టరు గుండు కొట్టి నెత్తిన బొబ్బలెక్కే మందు రాయాలన్నాడు, లేకపోతే చెన్నపట్నంలో పిచ్చివాళ్ళను ఉంచే ఇంటికి పంపమన్నాడు. అక్కడా తలుపుకు తాళమేనట. ఇక ఎవరినీ అడగలేదు. ఆ భూతవైద్యుడు నయం చేసినవాళ్ళెవరని ఊళ్ళో అడిగితే ఇప్పటికీ మా అక్కనే ముందు చెబుతారు.

మొన్న ఏటిగట్టున పురోహితులుగారు "కర్మ ఎవరి పేరున చెయ్యమంటారండీ?" అని అడిగారు.

"నాయనమ్మ పేరునేనండి" అన్నాడు, ఒంట్లో బాగోలేని బావగారికి బదులు కర్మకు నిలబడ్డ మా మేనల్లుడు.

"ఆవిడకి ఒకసారి చేసేం కదా బాబూ" అని ఆయన తటపటాయించారు.

నేను ముందుకు వెళ్ళి అక్క పేరు చెప్పాను. "ఈవిడ నీ తల్లిరా, నిన్ను కన్నది ఈవిడేరా" అన్నాను. వాడు చెడ్డవాడు కాదు. నా చెయ్యి పట్టుకుని, నన్నే ఓదారుస్తున్నట్టు చెప్పాడు.

"మా అమ్మ నేను పుట్టినప్పుడే పోయేరు కదండీ మావయ్యగారూ."

పురోహితులుగారు బావగారి వంక చూశారు. బావగారు తలూపారు. వాడు తడిబట్టతో, నీళ్ళు కారుతున్న కుండ భుజాన పెట్టుకుని, ఆయన చెప్పినట్టల్లా నాయనమ్మ పేరు పలుకుతూ మా అక్క చుట్టూ తిరిగాడు.