ఒక్కనిమిషం బావగారు, పచ్చలైటు

బావగారికి ఉన్న జబ్బు ఒక్కటే: శ్రుతి. చేతిలో ఎలక్ట్రిక్ గిటార్ ఉందంటే చాలు, పాట ముందు, పాట తర్వాత, బుద్ధి పుడితే పాట నడుమ కూడా చెయ్యెత్తి "ఒక్క నిమిషం" అంటారు. అని ఊరుకోరు. స్పీకర్లు అదిరేలా టుయ్... టుయ్... టుంయ్... అని తీగలు మీటుతూ, చెవి ఒగ్గి, కన్ను మూసి, తీగల మరలు తిప్పుతారు. ఆ ఒక్క నిమిషంలో టీ కాచుకుని, తాగి, గ్లాసు కడిగి బోర్లించిన వాళ్లున్నారు. బయట జనానికి ఆయన అసలు పేరు ఏనాడో మరుగున పడిపోయింది. అందరికీ ఆయన ఒక్కనిమిషంగారే.

చిత్రమేమిటంటే, పగటిపూట ఆయనంత చురుకైన మనిషి ఉండడు. కళ్లజోళ్ల దుకాణం ఆయనది. వచ్చినవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి, ఒక అద్దం పెట్టి "ఇప్పుడు బాగుందా?" అంటారు. అది తీసి ఇంకోటి పెట్టి "ఇప్పుడు బాగుందా?" అంటారు. వాళ్లు నోరు తెరిచేలోపు కళ్లలోకి చూసి, ఏది బాగుందో ఆయనే చెప్పేస్తారు. అలాంటి మనిషి సాయంత్రం గిటార్ పట్టుకుంటే మాత్రం గడియారాలు ఆగిపోతాయి.

"వాడు పుట్టినప్పుడే అంతే. చాలాసేపు ఏడవలేదు. డాక్టరు హడలిపోయింది. శ్రుతి చూసుకుంటున్నాడని మాకేం తెలుసు!" అనేది వాళ్లమ్మ.

ఈ బాధ అందరికంటే ఎక్కువగా పడింది ఆయన మరదలు, అంటే తమ్ముడి భార్య. ఎందుకంటే బృందంలో ఉన్నది ముగ్గురే. బావగారు గిటార్, ఆమె భర్త డ్రమ్ములు, పాట ఆమెది. దుకాణం షట్టరు దించాక వెనక గదిలో సాధన. చుట్టూ అరల నిండా ఖాళీ ఫ్రేములు. పాట ఎత్తుకుందామని ఆమె గుండెల నిండా గాలి పీల్చుకునేది, సరిగ్గా అప్పుడు బావగారి చెయ్యి లేచేది. పీల్చిన గాలిని ఏం చేయాలో తెలియక ఆమె దగ్గేది.

ఆయన ఘనకార్యాలు ఒకటా రెండా? ఓ పుట్టినరోజు వేడుకలో పిల్లవాడు కేకు కోయబోతుంటే పుట్టినరోజు పాట వాయించమన్నారు. "ఒక్క నిమిషం" అన్నారు బావగారు. పిల్లవాడు కత్తి ఎత్తి అలాగే నిలబడ్డాడు. కొవ్వొత్తులు కరిగి కేకులో కలిసిపోయాయి. చివరికి పాట మొదలయ్యేసరికి పిల్లవాడు వాళ్లమ్మ భుజం మీద నిద్రపోతున్నాడు. ఇంకోసారి పాట మధ్యలో కరెంటు పోయింది. జనం ఫోన్ల లైట్లు వేసుకుని కబుర్లలో పడ్డారు. కరెంటు వచ్చి చూస్తే బావగారు వేదిక మీద ఉన్నచోటే ఉన్నారు, మరలు తిప్పుతూ. "పోయినప్పుడు బాగానే ఉంది. వచ్చాక తగ్గింది" అన్నారు, అదేదో కరెంటాఫీసు తప్పయినట్టు.

ఇంట్లోనూ అంతే. తమ్ముడింటికి భోజనానికి వస్తే, ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగేవారు.

"అమ్మాయ్, మీ ఫ్రిజ్జు మూలుగు కాస్త కిందికి దిగింది."

"పాతదైపోయింది బావగారూ."

"పాతదవడం వేరు, దిగడం వేరు."

ఇక మరదలి సంగతి. ఆమె పెద్ద ఆసుపత్రిలో రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. ఏడ్చే పిల్లలైనా, నరం దొరకని ముసలివాళ్లైనా సరే, చెయ్యి వణకకుండా సూది దించుతుంది. దూది నొక్కి, గుండ్రటి ప్లాస్టరు అంటించి, "అయిపోయింది" అనేవరకూ వాళ్లకు గుచ్చిన సంగతే తెలియదు. అంత ధైర్యవంతురాలికి వేదిక మీద ఒక్క భయముంది. రెండో చరణం. మొదటి చరణం నీళ్లలా వచ్చేస్తుంది. రెండోది ఎత్తుకునే సమయానికి ఒక్కోసారి బుర్రలోంచి ఎవరో తుడిచేసినట్టు మాటలు మాయం. ఈ ముక్క ఆమె ఎవరికీ చెప్పలేదు, పక్కన పడుకునే భర్తకు కూడా. ఇంతకాలం ఎలాగోలా గట్టెక్కింది. ఏదో ఒక అడ్డం వచ్చేది, ఆ సందులో మాట గుర్తొచ్చేది. తన అదృష్టం అనుకునేది.

ఆ అదృష్టం మీద ఇక ఆధారపడలేని రోజొకటి వచ్చిపడింది. ఆసుపత్రి వార్షికోత్సవంలో వీళ్ల బృందం పాడాలని పెద్ద డాక్టరమ్మ స్వయంగా ల్యాబుకు వచ్చి అడిగింది. ఇన్నాళ్లూ పాడింది ముక్కూమొహం తెలియని వాళ్ల ముందు. నోరు పెగలకపోయినా మర్నాడు వాళ్ల మొహం చూడక్కర్లేదు. ఇక్కడ అలా కాదు. ముందు వరసలో డాక్టర్లు, వెనక నర్సులు, ఆ వెనక తనతో రోజూ డబ్బా విప్పి తినేవాళ్లు. వాళ్ల ముందు మాట మరిచి నిలబడితే మళ్లీ సోమవారం ఆ గుమ్మం ఎలా ఎక్కడం? ఆమెకు అన్నం సహించలేదు. పాపం, ఆ భయమంతా బావగారి మీద చిరాకుగా మారింది.

"ఆ రోజు మీ అన్నయ్య టుయ్ టుయ్ వినపడితే నేను పాడను" అంది భర్తతో.

"దానికి మందుంది" అన్నాడు భర్త. "ట్యూనర్ పెడల్. కాలి దగ్గర పెట్టుకునే చిన్న పెట్టె. కాలితో నొక్కితే గిటార్ మోత ఆగిపోతుంది. తీగ మీటితే లైట్లు చెబుతాయి. ఎర్రగా ఉంటే శ్రుతి తప్పినట్టు, పచ్చగా ఉంటే కుదిరినట్టు. జనానికి చడీచప్పుడూ వినపడదు."

"మరి ఇన్నాళ్లూ కొనలేదేం?"

"ఎప్పుడు కొందామన్నా అన్నయ్య ఒక్క నిమిషం అంటాడు."

ఈసారి మరదలే పూనుకుంది. సెలవు రోజున బావగారిని ముందు పెట్టుకుని సంగీతం సామాన్ల షాపుకు నడిపించింది. షాపతను హుషారుగా నాలుగైదు పెడళ్లు తెచ్చి నేలమీద పరిచాడు. బావగారు గిటార్ తగిలించుకుని మొదటిది నొక్కారు. గిటార్ నోరు మూసుకుంది. పచ్చలైటు వెలిగింది.

"ఇది వద్దు. ఈ పచ్చ కళ్లలో గుచ్చుకుంటోంది. కళ్లకు మంచిది కాదు" అన్నారు.

"బావగారూ, అది మీ కాళ్ల దగ్గర ఉంటుంది."

"కాళ్లకూ మంచిది కాదు."

రెండోది నొక్కారు. ఇది మరీ ఖచ్చితంగా ఉంది, మనిషి తట్టుకోలేడన్నారు. మూడోదాని మీట గట్టిగా ఉంది, మోకాలికి ముప్పన్నారు. నాలుగోదాని రంగు చూస్తే తమ దుకాణానికి వచ్చి పోట్లాడే ఒకాయన చొక్కా గుర్తొస్తోందన్నారు. షాపతను చెమట తుడుచుకుని, పెడల్ కాదు, గిటార్ తలకు తగిలించే క్లిప్పు ట్యూనర్ చూపించాడు.

"తలకు క్లిప్పులా? అదేమన్నా ఆడపిల్లా?" అన్నారు బావగారు.

మరదలికి తిక్క నషాళానికంటింది. "అసలు మీకేం కావాలో చెప్పండి!"

బావగారు ఆమె వైపు చూసి, షాపతన్ని పక్కకు పిలిచి, గొంతు తగ్గించి ఏదో అడిగారు. షాపతను విచిత్రంగా చూసి, పై అరలోంచి దుమ్ముపట్టిన డబ్బా ఒకటి దించాడు. లోపలి పెడల్‌కు వెనకవైపు చిన్న బుడిపె ఉంది. అది పక్కకు జరిపితే లైట్లూ వెలుగుతాయి, గిటార్ మోతా ఆగదు.

"అందరూ మోత ఆగడానికే కొంటారు సార్. ఆగకూడదని అడిగింది మీరొక్కరే" అన్నాడు.

"ఇది బాగుంది" అన్నారు బావగారు. మరదలు ఈ మాటలేవీ వినలేదు. ఆయన 'ఇది బాగుంది' అన్న మాట ఒక్కటే చెవినపడి, పెద్ద బరువు దిగినట్టై, మనసు మార్చుకునేలోపు ప్యాక్ చేయించింది.

వార్షికోత్సవం రోజు వచ్చింది. ఆసుపత్రి హాలు కిక్కిరిసింది. మొదటి పాట బాగా వెళ్లింది. రెండోదీ వెళ్లింది. బావగారు నోరెత్తలేదు. పెడల్ గుణమే అనుకుంది మరదలు, భర్త వైపు చూసి నవ్వింది కూడా. మూడో పాట పెద్ద డాక్టరమ్మ ఏరికోరి అడిగిన పాట. మొదటి చరణం అయింది. చప్పట్లు పడ్డాయి. భర్త డ్రమ్ము మీద వరస తిప్పి, ఎత్తుకోమన్నట్టు తలూపాడు.

మాట లేదు.

ఆమె పైకి చూసింది. పైన ఫ్యాను తిరుగుతోంది. ఫ్యాను మీద పాటేమీ రాసిలేదు. భర్త ఇంకోసారి వరస తిప్పాడు. ముందు వరసలో పెద్ద డాక్టరమ్మ చిరునవ్వుతో ఎదురు చూస్తోంది.

"ఒక్క నిమిషం!"

మైకులో బావగారి గొంతు. తర్వాత హాలంతా మారుమోగుతూ టుయ్... టుయ్... టుంయ్...

జనం గొల్లున నవ్వారు. "మా ఓపీలో కూడా ఇదే మాట చెబుతారండీ!" అని వెనకనుంచి ఎవరో అరిస్తే నవ్వు రెట్టింపైంది. హాల్లో ఒక్క కన్ను కూడా ఆమె మీద లేదు. ఆమెకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఇవాళ కూడానా! ఎంత తప్పిందో చూద్దామని పెడల్ వైపు కళ్లు దించింది.

పచ్చలైటు.

బావగారు రెండో తీగ మీటారు. పచ్చ. మూడోది మీటారు. పచ్చ. అప్పుడాయన మర చిన్నగా వదులు చేశారు, లైటు ఎర్రబడింది. తల విదిలించి, అబ్బే లాభం లేదన్నట్టు మొహం పెట్టి, మళ్లీ బిగించారు. పచ్చ. ఆమె తలెత్తి చూసింది. బావగారు గిటార్ వైపు చూడటం లేదు. చెవి ఒగ్గనూ లేదు. దుకాణంలో కుర్చీలో కూర్చున్నవాళ్ల కళ్లలోకి చూసినట్టు ఆమె కళ్లలోకే చూస్తున్నారు.

మైకుకు అందకుండా అడిగారు: "ఇప్పుడు బాగుందా?"

ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు వెనకే రెండో చరణం మొదటి మాట వచ్చేసింది, దాని చెయ్యి పట్టుకుని మిగతావన్నీ వచ్చేశాయి.

"బాగుంది బావగారూ" అంది. ఆ చరణం పాడినంత బాగా ఆమె ఇంకెప్పుడూ పాడలేదని భర్త ఇప్పటికీ అంటాడు.

కార్యక్రమం అయ్యాక పెద్ద డాక్టరమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది. "ఎంత బాగా పాడావమ్మా! ఆ గిటారాయనే పాట మధ్యలో ఆపేశాడు, లేకపోతేనా..." అంది. బావగారు పక్కనే నిలబడి, అవునవును తప్పు నాదేనన్నట్టు తలూపారు.

సామాను సర్దేటప్పుడు మరదలు ఆయన్ని నిలదీసింది.

"ఎన్నాళ్లనుంచి బావగారూ?"

"ఏది?"

"నాకు లైటు కనపడింది."

బావగారు దొరికిపోయిన దొంగలా మెడ గోక్కున్నారు. "నీ మొదటి పాట నుంచీ. మాట పోయినప్పుడు నీ కళ్లు పైకి పోతాయమ్మాయ్. రోజంతా కళ్లు చూసేవాణ్ణి, ఆ మాత్రం తెలియదా? అందుకే మోత ఆగే పెడల్ వద్దన్నాను. నేను చప్పుడు చేయకపోతే వాళ్లందరూ నిన్నే చూస్తారు కదా."

ఆమెకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. తాను గట్టెక్కిన ప్రతిసారీ వచ్చిన ఆ 'ఏదో ఒక అడ్డం' ఎప్పుడూ ఈ మనిషే. గట్టెక్కిన మరుక్షణం ఈ మనిషినే తిట్టుకుంది.

"మరి ఇంతమంది మిమ్మల్ని చూసి నవ్వుతుంటే..."

"నవ్వనీ. నన్ను చూసి నవ్వడం వాళ్లకూ అలవాటే, నాకూ అలవాటే. అయినా అన్నీ నీకోసమేననుకుని పొంగిపోకు. సగం సార్లు నిజంగానే తగ్గుతుంది. ఆ మూడో తీగ ఉంది చూశావూ, దాని బుద్ధి మంచిది కాదు." ఇంకో మాట నెమ్మదిగా చేర్చారు. "వాడికి చెప్పకు. వాడు డ్రమ్ము వాయించడం మానేసి నీ కళ్లే చూస్తూ కూచుంటాడు."

అప్పుడే భర్త వైర్లు చుట్టుకుంటూ వచ్చాడు, మొహం కందగడ్డలా పెట్టుకుని.

"అన్నయ్యా, ఆ షాపువాడు మనల్ని మోసం చేశాడు. పెడల్ పాడైంది! వెనకనుంచి నేను చూస్తూనే ఉన్నా. నువ్వేమో తప్పింది తప్పింది అంటున్నావు, అదేమో పచ్చగా వెలుగుతోంది. మోత కూడా ఆగలేదు. రేపే తీసుకెళ్లి వాడి మొహాన పారేస్తా."

బావగారు నోరు తెరిచి, ఏం చెప్పాలో తోచక మూశారు. ఆయనకు ఒక్క నిమిషం కావలసి వచ్చింది. ఆ నిమిషం మరదలు ఇచ్చింది.

"పాడూ లేదు, ఏమీ లేదు. నేను బాగు చేస్తాను, ఇలా ఇవ్వండి" అంది.

సంచిలోంచి గుండ్రటి ప్లాస్టరు తీసింది, ల్యాబులో సూది గుచ్చిన చోట అంటించేదే. వెనక కాగితం ఊడదీసి, పెడల్ మీద పచ్చలైటు కనపడకుండా అంటించి, పిల్లల చేతి మీద నొక్కినట్టు బొటనవేలితో ఒక్కసారి నొక్కింది.

"అయిపోయింది."

"లైటుకు ప్లాస్టరేమిటే?" అన్నాడు భర్త.

"ఆ పచ్చ కళ్లలో గుచ్చుకుంటోందండీ. కళ్లకు మంచిది కాదట. బావగారే చెప్పారు."

"కాళ్లకూ మంచిది కాదు" అన్నారు బావగారు, ఎక్కడో చూస్తూ.

ఆ తర్వాత వచ్చిన సాధనరోజు షట్టరు దించారు. వెనక గదిలో భర్త పుల్లలు ఎత్తాడు. మరదలు గుండెల నిండా గాలి పీల్చుకుంది. బావగారి చెయ్యి లేచింది.

"ఒక్క నిమిషం."

భర్త పుల్లలు ఒళ్లో పడేసి తల పట్టుకున్నాడు. మరదలు పీల్చిన గాలిని హాయిగా వదిలేసి, స్టూలు లాక్కుని కూర్చుంది.

"నిదానంగా చూసుకోండి బావగారూ" అంది. "తొందరేం లేదు."