ఆడి నెలలో బాడుగ ఇల్లు

నేను చెప్తా ఉంటే మా టీచరమ్మ రాస్తా ఉండాది. నాకు సంతకం వరకే వచ్చు. అదీ ఒక్కోసారి చివరి అక్షరం మిగిలిపోతాది. రాసేటప్పుడు ఆయమ్మ నా మాటల్ని ఇస్త్రీ చేసేస్తాదేమోనని పక్కనే కూర్చోని కాపలా కాస్తా ఉండాను.

మా సంఘం అంటే పెద్ద ఆఫీసు, బోర్డు అనుకునేరు. సత్యవేడులో టీచరమ్మ ఇంటి వసారానే మా ఆఫీసు. శ్రీలంకలో యుద్ధం అప్పుడు ఊర్లొదిలి పడవలెక్కి వచ్చినోళ్ళు బార్డరుకు అవతల, తమిళనాడు క్యాంపుల్లో ఏండ్ల తరబడి ఉండారు గదా. వాళ్ళలో ఎవురన్నా పర్మిషన్ తీసుకోని మా పక్క వచ్చి, కంపెనీల్లో పని చేసుకోని బతకాలనుకుంటే, ఇల్లు చూసిపెట్టేది, పిల్లోళ్ళను బడిలో వేసేది మా సంఘం పని. పనంతా టీచరమ్మ చేస్తాది. నేను సలహాలిస్తాను.

గిన్నెలు అడుక్కోని వచ్చేది మాత్రం నా డ్యూటీనే. "యుద్ధంలో అన్నీ పోగొట్టుకోని వచ్చినారమ్మా" అని నేను గొంతు వణికించి అడిగితే చాలు, జనాలు కరిగిపోయి ఇంట్లో వద్దనుకునేవన్నీ తెచ్చి నా గోనెసంచిలో వేస్తారు. మూత ఉండే కుక్కరుకు పిడి ఉండదు. పిడి ఉండేదానికి మూత ఉండదు. ఒకామె తన పెండ్లి ఫోటోకు కట్టిచ్చిన ఫ్రేము ఇచ్చింది, ఫోటోతో సహా. "అది తీసేసి వాళ్ళది పెట్టుకోమను" అనింది. నేను అదీ మోసుకోని వచ్చినాను. టీచరమ్మ తల కొట్టుకోనింది.

పోయిన ఏడు క్యాంపు నుంచి ఒకామె కూతుర్ని ఎంటబెట్టుకోని వచ్చింది. పిల్లను ఇంటర్లో చేర్చాల. తల్లికి కంపెనీ క్యాంటీన్లో పని దొరికింది. సన్నంగా ఉంటాది, మాట తక్కువ. మాట తక్కువుండే మనుషులంటే నాకు భలే ఇష్టం, మిగిలిందంతా నేనే మాట్లాడొచ్చు. ఆమెది తమిళం. నాదీ తమిళమే, సగం తెలుగు కలిపింది. మా ఊర్లో అంగడికి పోయే ప్రతి మనిషికీ వచ్చే తమిళమే అయినా, నేనొక్కతినే పెద్ద చదువు చదివినట్టు దంచేసినాను.

ఇల్లు కూడా దొరికింది. బియ్యం మిల్లు వెనకాల, ఇంటామె ఇంటి పక్కనే ఒక గది, ఒక వంటిల్లు. ఇంటామె, నేను ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటాము. టీచరమ్మ "రేపే చేరిపోండి" అనింది. అప్పుడు నోరు మూసుకోని ఉంటే నేను నేనెట్లయితాను?

"ఆడి నెలలో కొత్తింట్లో చేరేది యాడన్నా ఉండాదా?" అన్నాను. ఆడి అంటే మీ ఆషాఢం మాదిరే, మాకు అరవోళ్ళ లెక్క కాబట్టి కొంచెం వెనకాముందు వస్తాది. "ఆడి పోయి ఆవణి పుట్టినాక మంచి దినం చూసి పాలు పొంగిచ్చి చేరుదురు. అంతదాకా ఈ వసారా ఏమన్నా ఎండలో ఉండాదా?"

"బాడుగ ఇంటికి ఆడి ఏందమ్మణ్ణీ?" అనింది టీచరమ్మ.

"చెడ్డ జరిగితే, అది మాత్రం బాడుగ చెడ్డ అయిపోతాదా?"

ఆ మాటకు, క్యాంపు నుంచి వచ్చినామె ముఖం అదో మాదిరి అయిపోయింది. నా మాట బాగా ఎక్కిందని నేను సంతోషపడినాను. మేము సొంత ఇల్లు చేరినప్పుడు అయ్యగారి దగ్గర ముహూర్తం పెట్టిచ్చి, ఆవును ముందర తోలి, ఊరందరికీ భోజనం పెట్టినాము. ఏడు తిరక్కుండానే మా ఆయన్ను ఆ వాకిట్లోనుంచే మోసుకోని పోయినారు. ముహూర్తాల గురించి చెప్పేదానికి నాకంటే తగిన మనిషి జిల్లాలో దొరకదు.

కొన్ని దినాలకు ఇంటి వదిన వసారాలోకొచ్చి నిలబడింది.

"ఏం వదినా, మీవోళ్ళు వస్తారా రారా? కంపెనీ పిల్లోళ్ళు కాచుకోనుండారు ఆ గదికి."

"ఆడి గదా వదినా."

"ఆడి మీకే. వాళ్ళు అమావాస్య రోజైనా చేరతామంటా ఉండారు, బిర్యానీ చేసుకోని. ఈ పొద్దు చెప్పకపోతే నేను వాళ్ళకే ఇచ్చేస్తా."

ఆమె ఇంకా మెట్టు దిగలేదు, టీచరమ్మకు ఫోను. మధ్యాహ్నం పోలీస్ స్టేషన్ నుంచి మనిషి వస్తాడంట. వీళ్ళుండే ఇల్లు కండ్లారా చూసి పోవాలంట. తమకంటూ ఒక ఇల్లు చూపిస్తేనే పర్మిషన్ నిలుస్తాది. వసారాలో చాప చూపిస్తే కుదరదు, మళ్ళీ క్యాంపుకే.

టీచరమ్మ నా పక్క తిరిగింది. "ఇప్పుడు చెప్పమ్మణ్ణీ. నీ ఆవణిని రవంత ముందుకు రమ్మను."

"ఆపదకు ఆడి లేదు. చేరిపోతారు" అన్నాను. శాస్త్రం మార్చేదానికి నాకు ఒక్క నిమిషం చాలు.

నేను తెచ్చిన గిన్నెలన్నీ ఆటోలో కుక్కి, మిల్లు వెనక్కి పోయినాము. పిల్ల తల్లి వాకిలి దాకా వచ్చి నిలిచిపోయింది. లోపలికి పోబోయిన పిల్లను చెయ్యి పట్టి ఆపింది.

"ఏమ్మా, పొద్దుపోతా ఉండాది. నువ్వు బొట్టు పెట్టుకోనుండే దానివి. కుడికాలు పెట్టి పోయి పొయ్యి ఎలిగించు. నేను రారాదు, ఈ ఆటోలోనే కూర్చుంటా" అన్నాను.

ఆమె నా దగ్గరికొచ్చి చిన్నంగా చెప్పింది.

"అక్కా, యుద్ధం ఆఖర్న జనంలో ఆయన తప్పిపోయినాడు. అప్పుడు ఈ పిల్ల నా చంకలో ఉండాది. పోయినాడని ఎవురూ చెప్పలేదు, ఉండాడనీ చెప్పలేదు. అందుకే బొట్టు తీయలేదు. నువ్వు ఆడి సంగతి చెప్పినప్పటినుంచి నాకు నిద్ర పట్టలేదు. ఈ నెలలో నా చేత్తో పొయ్యి ఎలిగించి, రేపు ఆయన గురించి చెడ్డ మాట వస్తే, నేనే చేసుకున్నా అనుకుంటా. నావల్ల కాదు. క్యాంపుకే పోతాములే."

నేను ఏసిన ముడి నేనే విప్పాల.

ఏవేవో చెప్పినాను. ఆడి అంటే మురుగనుకు ఇష్టమైన నెల గదా, ఆడి కృత్తికకు కావళ్ళు ఎత్తరా, అది చెడ్డ నెల ఎట్లయితాది అని. ఆమె తల అడ్డంగా ఆడించింది. టీచరమ్మ "నేను ఎలిగిస్తా జరగండి" అని ముందుకు పోతే, "వద్దు టీచర్, మీ ఆయన ఉండారు, ఆయనకు తగులుతాది" అని అడ్డం నిలబడింది.

అప్పుడు తట్టింది నాకు. ఆ వీధిలో ఆ పొద్దు ఆడి నెల ఏమీ చెయ్యలేని మనిషిని నేనొక్కతినే. మా ఆయన పోయినాడనే దాంట్లో ఎవురికీ అనుమానం లేదు. ఊరంతా వచ్చి చూసి, దినం నాడు వడలు తిని పోయినారు.

ఆటో దిగి, "జరుగు, నేను పోతా ముందర" అన్నాను.

"వదినా! నువ్వా?" అనింది ఇంటామె.

"ఆడి నన్నేం చేస్తాదో చూస్తా వదినా. తీసుకపోయేదానికి ఇంకో మొగుడు ఉండాల గదా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకోని నవ్వేసింది. మళ్ళీ ముఖం బిగించుకోని, "నా ఇంటికేమన్నా అయితే?" అనింది.

"ఆ బిర్యానీ పిల్లోళ్ళు చేసేదానికంటే ఎక్కువ నేనేం చేస్తాను నీ ఇంటికి?"

చెప్పేదానికి ధైర్యంగానే చెప్పినాను. మా ఆయన పోయినాక ఏ ఇంట్లో శుభం జరిగినా నా చోటు పెరట్లో, ఎర్రగడ్డలు తరిగే కాడే. ముందరికి రమ్మని ఎవురూ పిలవలేదు, నేనూ పోలేదు. అగ్గిపుల్లలు ఒకదాని ఎనక ఒకటి విరిగిపోయినాయి. పొయ్యి అంటుకున్నాక ఇంకో తంటా. నేను తెచ్చిన గిన్నెల్లో చిన్నది ఒక్కటీ లేదు. ఒక్క పాకెట్టు పాలు, పెండ్లిలో సాంబారు కాచే అంత డబరా. పాలు అడుగున పూసినట్టు ఉండాయి, పొంగేది యాడ?

టీచరమ్మ తొంగి చూసి, "ఇంక పొంగినట్టే" అనింది.

ఇంటి వదిన తన ఇంట్లోకి పోయి, తన ఆవు పాలు ఒక చిన్న గిన్నెలో తెచ్చి నా చేతికిచ్చింది. పొయ్యి మీద పెట్టినాను. పాలు అంచుకు వస్తా ఉండగానే బయట మోటార్ సైకిల్ నిలిచిన సద్దు.

"ఈడ ఉండేది ఎవురమ్మా?" స్టేషన్ మనిషి అడిగినాడు.

జవాబు చెప్పేదానికి నేను నోరు తెరిచినాను, అలవాటు గదా. అంతలోనే పాలు సుయ్యిమని పొంగి పొయ్యి మీద పడినాయి. ఆ సద్దు విని ఆమె కూతురి చెయ్యి పట్టుకోని, కుడికాలు పెట్టి లోపలికొచ్చేసింది.

"మేమే సార్. నేను, నా కూతురు. రండి, కూర్చోండి" అనింది.

కూర్చునేదానికి ఏముండాది? ఆయన నిలబడే గది చూసినాడు, వంటిల్లు చూసినాడు, ఫోన్లో ఫోటో తీసుకున్నాడు. "సరేమ్మా, సరిపోతాది" అని పోయినాడు.

పొయ్యి మీద పాలు మాడతా ఉండాయి. అంత గోనెసంచి మోసినాను గానీ ఒక మసిగుడ్డ తేలేదు. నా కొంగుతోనే తుడుద్దామని వంగినాను. ఆమె వచ్చి నన్ను భుజంతో పక్కకు తోసింది.

"జరుగక్కా. నా పొయ్యి, నేను తుడుచుకుంటా."