నీళ్లెలా ఉన్నాయి?

గురుగ్రామ్ వెళ్లే ఆఫీసు క్యాబ్‌లో హేమసుందర్‌ది ఎప్పుడూ కిటికీ పక్క సీటే. విశాఖ దగ్గర సముద్రంలో ఓ ఓడ నుంచి చమురు కారిన నాటినుంచీ ఫోన్‌లో మ్యాపును రెండు వేళ్లతో సాగదీసి, నల్లమరక ఎటు పాకిందో చూసుకుంటూ గోళ్లు కొరుక్కుంటున్నాడు. ఆఫీసు టీమ్‌తో కలిసి అక్కడికి వెళ్లి చేయాల్సిన స్కూబా డైవింగ్ పాడవుతుందేమోనని బెంగ. తాను ఆ ఒడ్డునే జాలరిపేటలో పుట్టినట్టు టీమ్‌లో ఎవరికీ చెప్పలేదు. డైవింగ్ కోసం సాధన చేసే ఈతకొలనులో కూడా వాళ్లతోపాటు ఈత కొత్తగా నేర్చుకుంటున్నట్టే నటిస్తాడు. ఈరోజు ఇక ఆగలేక, తండ్రి పోయాక మొదటిసారి, చిన్నాన్న పోలారావుకు ఫోన్ చేశాడు.

"నీళ్లెలా ఉన్నాయి చిన్నాన్నా?" అన్నాడు గొంతు తగ్గించి.

"నల్లగా అయిపోనాయిరా. వలేస్తే జిడ్డే. పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి." ముసలి గొంతు అంతలోనే పక్కకు తిరిగి భార్యను కేకేసింది. "ఒసే, మన సుందరం! మనం ఎలగున్నామోనని డిల్లీ నుంచి ఫోన్ చేసినాడే!"

"అచ్ఛా... ఎప్పటికి తేటపడతాయి?"

"ఏటో నాయినా. నువ్వడిగినావు, అదే కడుపు నిండిపోనాది."

ఇయర్‌ఫోన్లలో చిన్నాన్న ఇంకా దీవిస్తూనే ఉన్నాడు. హేమసుందర్ బొటనవేలు టీమ్ టికెట్లను అండమాన్‌కు మార్చేస్తోంది.