అల్లుడు కొనిచ్చిన నీలం వైర్లు

మా పెదనాన్నంత పిసినారి భూమ్మీద లేడని వీధిలో చెప్పుకుంటారు. అల్లుడు ముచ్చటపడి కారుకి కొత్త వైర్లు కొనిస్తే, వాటిని పీకి బట్టలో చుట్టి బీరువాలో దాచుకున్నాడట. పాత వైర్లతోనే తిరుగుతున్నాడట. కొత్తవి అరిగిపోతాయని ఆయన బెంగట. ఇంకాస్త తీరిక ఉన్నవాళ్లు, ఇంజన్లో కుట్టుమిషన్ నూనె పోస్తాడని కూడా కలుపుతారు.

నూనె సంగతి అబద్ధం. బీరువా సంగతి నిజమే.

పెదనాన్న కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఆయన కారు ఆయన కూతురు, అంటే మా అక్క కంటే వయసులో పెద్దది. వెనక సీటు పీకేసి, గోనెసంచులు పరిచి, మిషన్లని వాటిమీద కూర్చోబెట్టి తీసుకెళ్తాడు. సొంత కూతురు ఆ కారెక్కితే మాత్రం ముందుసీట్లో ఒళ్లో బాబిన్ల డబ్బా పెట్టుకుని కూర్చోవాలి. ఆయనకి పనిచ్చేవాళ్లలో పెద్దది యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపు. అది ఊరి చివర ఎత్తుమీద ఉంది. ఇనప మిషన్లు వేసుకుని ఆ ఎత్తు ఎక్కాలంటే ఇంజన్లో నాలుగు సిలిండర్లూ పనిచెయ్యాలి. మూడింటితో ఎక్కదు. సగం దాకా వెళ్లి, ఆలోచనలో పడ్డ మనిషిలా ఆగిపోతుంది.

నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాను. అప్పట్నుంచి పగలంతా పెదనాన్న షెడ్డులోనే ఉంటాను, సూదులు సైజుల వారీగా సర్దుతూ. నేను పెద్దగా మాట్లాడను. మాట్లాడని మనిషి ముందు అందరూ అన్నీ మాట్లాడేస్తారు, స్టూలు ముందు మాట్లాడినట్టు.

ఇక అల్లుడు, అంటే మా బావ. బాత్‌రూమ్ టైల్స్ అమ్మే షోరూమ్‌లో పనిచేస్తాడు. లోకంలో తనకి తెలియని విషయాలు కూడా ఉన్నాయని ఆయనకి ఇంకా ఎవరూ చెప్పలేదు. పెళ్లయిన కొత్తలో పెదనాన్న ఇంటి స్నానాలగదికి టైల్స్ ఆయనే దగ్గరుండి వేయించాడు. పెదనాన్న ఒకరోజు కాలు జారి, కుళాయి పట్టుకుని నిలదొక్కుకుని, “కాస్త జారుతున్నాయి బాబూ,” అన్నాడు. అంతే. బావకి జ్వరమని, తలనొప్పని, షోరూమ్‌లో పనని వానాకాలమంతా గడిచిపోయింది. ఆయన రాలేదు, అక్కనీ రానివ్వలేదు. పెద్దమ్మ ఫోను ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చునేది. అప్పట్నుంచి మా ఇంట్లో ఆ టైల్స్ జారవు. మనుషులే జారతారు.

అలాంటి బావ ఒక ఆదివారం ప్లగ్గు వైర్ల సెట్టు పట్టుకొచ్చాడు. నిగనిగలాడే నీలం రంగు. పాత వైర్లు బాగానే ఉన్నాయని పెదనాన్న అనబోయి, పెద్దమ్మ మొహం చూసి ఆగాడు. బావ తన చేత్తోనే బిగించాడు. మరో ఇద్దరు చూసేలా ఫొటో కూడా తీసుకున్నాడు. ఆ సాయంత్రం నుంచి కారు దగ్గడం మొదలుపెట్టింది.

మర్నాడు పెదనాన్న నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, ఇంజను ఆన్‌లో ఉంచి, యాక్సిలరేటర్ మీద కాలు కదపొద్దన్నాడు. పొడిబట్ట మడత పెట్టి పట్టుకుని మొదటి ప్లగ్గు వైరు పీకాడు. ఇంజను కుంటింది. పెట్టేశాడు. రెండోది పీకాడు. మళ్లీ కుంటింది. మూడోది పీకాడు. ఇంజనుకి చీమ కుట్టినట్టయినా లేదు. అంటే ఆ మూడో సిలిండరు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. పని చెయ్యకుండా వరసలో నిలబడింది.

తర్వాత ఇంజను ఆపి మూడో ప్లగ్గునీ మొదటి ప్లగ్గునీ అటూ ఇటూ మార్చి, మళ్లీ స్టార్ట్ చేయించాడు. తప్పు ప్లగ్గుదైతే జబ్బు దాని వెంట మొదటి సిలిండరుకి పోవాలి. పోలేదు. అప్పుడు షెడ్డు తలుపు మూయించాడు. ఇస్త్రీకి నీళ్లు చల్లే సీసా తీసుకుని నడుస్తున్న ఇంజను మీద సన్నగా చల్లాడు. చీకట్లో మూడో వైరు నడుమ నుంచి ఇంజను మీదకి నీలంగా, సన్నగా నిప్పురవ్వ దూకుతోంది. టిక్, టిక్ మని చప్పుడు. చూడటానికి ముచ్చటగా ఉంది. ప్లగ్గుకి అందాల్సిన కరెంటు దారిలోనే దిగిపోతోందన్నమాట.

పెదనాన్న మూడో వైరు తీసి పాతది పెట్టాడు. ఇంజను కొత్తగా నూనె వేసిన మిషన్‌లా సాగిపోయింది. ఆయన కాసేపు విన్నాడు. తర్వాత పాతది తీసి, నీలం వైరే మళ్లీ పెట్టాడు.

“తలుపు తియ్యమ్మా,” అన్నాడు.

పెద్దమ్మ టీ తెచ్చి, ఏమైందట దానికని అడిగింది. పెట్రోలు మంచిది కాదన్నాడు.

మొదట్లో మామూలు రోజుల్లో పాత వైర్లు, ఆదివారం పూట నీలం వైర్లు పెట్టి సంసారం నెట్టుకొద్దామని చూశాడు. కానీ బావకి ఆ వైర్ల మీద బెంగ ఎక్కువ. చెప్పకుండా వచ్చేవాడు. వచ్చి మంచినీళ్లయినా తాగకముందే బానెట్ ఎత్తి చూసుకునేవాడు, హాస్టల్లో దింపిన బిడ్డని చూసుకున్నట్టు. ఒకసారి పెద్దమ్మ గుమ్మంలో ఆయన్ని మాటల్లో పెట్టింది, లోపల పెదనాన్న చేతులు కాలేలా వైర్లు మార్చాడు. ఆ తర్వాత ఇక నావల్ల కాదని నీలంవే ఉంచేశాడు.

అప్పట్నుంచి మా ఇంట్లో నేరస్థుల వేట మొదలైంది. బావ వచ్చి ఇంకా బాగవలేదా అని అడిగినప్పుడల్లా పెదనాన్న ఎవరినో ఒకరిని పట్టి ఇవ్వాలి. పెట్రోలుని ఇచ్చాడు. తర్వాత కార్బొరేటర్‌ని ఇచ్చాడు. పాపం అది ఏ పాపమూ ఎరగదు, అయినా విప్పి కిరసనాయిల్లో కడిగాడు. తర్వాత వాతావరణంలో తేమని ఇచ్చాడు. తేమకి చుట్టాలు లేరు కాబట్టి గొడవ లేదు. బావ ప్రతిసారీ తల ఊపి, చివర్న ఒకటే అనేవాడు: “వైర్లు కొత్తవి కాబట్టి సరిపోయింది. లేకపోతే ఈపాటికి ఎప్పుడో ఆగిపోయేది.”

“అవును బాబూ,” అనేవాడు పెదనాన్న.

ఈలోగా కారు ఎత్తుమీద మాటిమాటికీ ఆగడం మొదలుపెట్టింది. మిషన్లు దింపి, రోడ్డుపక్క కాపలా ఉండి, ఎవరి ఆటోనో పట్టుకుని వెళ్లేసరికి వర్క్‌షాపులో మనుషులు చేతులు కట్టుకుని కూర్చునేవారు. ఈ సోమవారం కూడా వేళకి రాకపోతే వేరే మనిషిని చూసుకుంటామని మేనేజరు చెప్పేశాడు. ఆ మాట అక్క ద్వారా బావ చెవిన పడింది. బావ వెంటనే పరిష్కారం ఆలోచించాడు. ఆయన ఎప్పుడూ వెంటనే ఆలోచిస్తాడు. కారు తుక్కుకి వేసెయ్యాలి, పెదనాన్న ఇంటిపట్టున కూర్చుని విశ్రాంతి తీసుకోవాలి. ఆదివారం తుక్కు వ్యాపారిని తనే వెంటబెట్టుకొస్తానన్నాడు.

పెద్దమ్మకి అప్పటికి సంగతి తెలిసిపోయింది. శనివారం నేను సూదులు సర్దుతుంటే షెడ్డులోకి వచ్చి నిలబడింది.

“నోరు తెరిచి చెప్పెయ్యండి. కారు పోతే మీరేం చేస్తారు? నా మొహం చూస్తూ కూర్చుంటారా?”

“చెప్తే అమ్మాయి రాదు.”

“మనం ఆయనకి పిల్లనిచ్చాం. నోరు కూడా ఇచ్చేశామా?”

 పెదనాన్న చేతిలో ఉన్న మిషన్ చక్రాన్ని ఊరికే తిప్పాడు.  పెద్దమ్మ ఇంట్లోకి వెళ్లిపోయింది.

ఆదివారం బావ, అక్క వచ్చారు. వెనకే తుక్కు వ్యాపారి, చిన్న ట్రక్కులో. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి, టైర్లని కాలితో తన్ని, ఒకసారి స్టార్ట్ చెయ్యమన్నాడు. పెదనాన్న స్టార్ట్ చేసి వచ్చి పక్కన నిలబడ్డాడు. కారు దగ్గుతూ నిలబడింది. అక్క గోడ వైపు చూస్తోంది. చిన్నప్పుడు ఆ కారులోనే బడికి వెళ్లేది.

బావ బానెట్ ఎత్తాడు. బేరంలో తను తక్కువ తినలేదని చూపించాలి కదా.

“ఇదిగో, ఈ వైర్లు మాత్రం ఇవ్వం. కొత్తవి. నేను కొన్నవి. ఇవి విప్పుకున్నాకే బండి ఇస్తాం,” అని మూడో వైరుని మెడ పట్టుకున్నట్టు గట్టిగా పట్టుకున్నాడు.

“బాబూ, చెయ్యి...” అన్నాడు పెదనాన్న.

బావ ఒక అడుగు వెనక్కి ఎగిరి, బానెట్‌కి తల కొట్టుకుని, నేల మీద కూర్చున్నాడు. టైల్స్ లేకపోయినా జారాడు. అక్క పరిగెత్తింది. పెద్దమ్మ నీళ్లు తెచ్చింది. చేతికి ఏమీ కాలేదు, మొహమే తెల్లబోయింది.

“పాత ఇంజను బాబూ,” అన్నాడు పెదనాన్న మెల్లగా. “దానికి మర్యాద తెలీదు.”

ఇంజను ఇంకా దగ్గుతూనే ఉంది. తుక్కు వ్యాపారి వంగి, చెయ్యి తగలకుండా వైరు వైపు చూశాడు. ఆయన మా ఇంట్లో ఎవరికీ మామ కాడు, అల్లుడు కాడు. అందుకని నిజం చెప్పగలిగాడు.

“వైరు షాకు కొడుతోంది సార్. రబ్బరు లోపల చీలింది. ఇంజనుకి ఏ జబ్బూ లేదు. ఇది తుక్కు బండి కాదు.”

 అక్క బావ చెయ్యి వదిలి లేచి నిలబడింది. పెదనాన్న మొహం చూసింది, పెద్దమ్మ మొహం చూసింది. మేమెవ్వరం ఆశ్చర్యపోలేదు. సంగతి అర్థం కావడానికి ఆమెకి అది చాలు.

“నాన్నా, మీకు ముందే తెలుసు కదూ?”

పెదనాన్న కారు వైపు తిరిగి ఇంజను ఆపేశాడు. “వైరుదేం తప్పు లేదమ్మా,” అన్నాడు. “ఈ ఇంజను వేడి ఎక్కువ. పాతవాటికి అలవాటు. అంత మంచి వైరు దీని దగ్గర తట్టుకోలేకపోయింది.”

బావ నీళ్లు తాగాడు. కాసేపు ఆలోచించాడు. “అదే నేనూ అనుకున్నా,” అన్నాడు.

పాత వైర్లు బిగిస్తుంటే బావే పక్కన నిలబడి ఎక్కడ ఏది పెట్టాలో చెప్పాడు. పెదనాన్న ఆయన చెప్పినట్టే పెడుతున్నట్టు పెట్టాడు. ట్రక్కు ఖాళీగా వెళ్లిపోయింది. సోమవారం పెదనాన్న మూడు మిషన్లు వేసుకుని ఎక్కడా ఆగకుండా ఎత్తు ఎక్కాడు. అక్క ఇప్పుడు బావ ఖాళీ ఉన్నా లేకపోయినా ఆదివారం ఆదివారం వస్తోంది.

పారేస్తే బావ చిన్నబుచ్చుకుంటాడని నీలం వైర్లని పెదనాన్నే బట్టలో చుట్టి బీరువాలో పెట్టాడు. అది ఎవరు చూశారో, వీధి మొత్తం పాకింది. పెద్దమ్మకి కోపం వచ్చి, నలుగురికీ అసలు సంగతి చెప్పేస్తానంది. పెదనాన్న వద్దన్నాడు.

“పిసినారి అంటే నాకేం పోయింది?” అన్నాడు. “అననీ.”

మీకు మాత్రం నేను చెప్పేస్తున్నాను: ఆ కొత్త వైర్లలో మూడోదానికి రబ్బరు చీలిపోయి ఉంది.