పేరు పెట్టి ఏడ్చుడు

లవంగం కొరకగానే ముందు నాలుక మొద్దుబారుతుంది, తర్వాత ఘాటు మెల్లగా గొంతులోకి దిగుతుంది. మొన్న ఆదివారం మధ్యాహ్నం నాచారం పారిశ్రామికవాడలో, మూతపడిన ఒక ఫ్యాక్టరీ రేకుల షెడ్డు వెనక నిలబడి లవంగం బుగ్గన పెట్టుకున్నాను. లోపల రెండో బ్యాండు వాయిస్తోంది. డ్రమ్ముల దెబ్బకు పైన రేకులు వణుకుతున్నాయి. ఎప్పుడో తీసుకుపోయిన యంత్రాల నూనె వాసన మాత్రం నేలను వదల్లేదు. ఆ రోజు నాలుగు బ్యాండ్లు, మాది మూడోది. నేను వారమంతా పోచారంలో ఐటీ ఉద్యోగం చేస్తాను, వీలైన ఆదివారాల్లో డెత్ మెటల్ పాడతాను. పాట అంటే మీరనుకునే పాట కాదు. కడుపులోంచి గాలి తెచ్చి, గొంతు గరగరలాడిస్తూ తీసే గర్జన. మొదటిసారి విన్నవాళ్ళు ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందనుకుంటారు. మా బ్యాండు పిల్లలు నాకోసం తేనె, వేడినీళ్ళు, ఏవేవో గొంతు బిళ్ళలు పట్టుకొస్తారు పాపం. నాకు లవంగమే కావాలి. ఆ ఘాటు తగిలితే యాదమ్మ పెద్దమ్మ పక్కన నిలబడినట్టుంటుంది. ఆమె పోయింది గడిచిన వానాకాలంలో. పోయిన రోజు ఆమె కోసం నా గొంతు పెగల్లేదు. ఈ షెడ్డులోనైనా పెగలాలని వచ్చాను.

పాత ఉప్పల్‌లో మా గోడకు ఆనుకుని ఆమె ఇల్లు. చుట్టం కాదు, పక్కింటి మనిషి. పొద్దున్నే ఆకుకూరలు కట్టలు కట్టి గంపలో పెట్టుకుని మార్కెట్‌కు పోయేది. కానీ ఊరంతా ఆమెను ఎరిగింది కూరల వల్ల కాదు, శోకాల వల్ల. మా గల్లీలో ఎవరైనా మంచాన పడితే డాక్టర్ దగ్గరికి పరుగెత్తేవాళ్ళు, ఆ తర్వాత ఇక లాభం లేదంటే యాదమ్మ దగ్గరికి. ఎవరూ ఆమెకు ఏమీ ఇచ్చేవాళ్ళు కాదు, ఆమె అడిగేదీ కాదు. శవం ముందు కూర్చుని, తల పట్టుకుని, రాగం తీసి ఏడ్చేది. ఆ ఏడుపులో పోయిన మనిషి మొత్తం ఉండేవాడు. దారిలో నడుస్తూనే పిలవడానికి వచ్చినవాళ్ళను అడిగేది, ఏం ఇష్టంగా తినేవాడు, ఎవరినేమని పిలిచేవాడు, ఎవరితో పడేది కాదు అని. మా గల్లీలో నల్లా దగ్గర అందరితో గొడవపడే ముసలాయన ఒకడుండేవాడు. ఆయన పోయిన రోజు ఆమె, "నల్లా కాడ పొద్దుగాల్లనే నాతోటి కొట్లాడెటోనివి మామో, రేపటిసంది నేను ఎవలితోని కొట్లాడాలె మామో" అని అందుకుంది. ఏడుస్తున్న కోడళ్ళు నవ్వారు, నవ్వి ఇంకా గట్టిగా ఏడ్చారు. దొంగ ఏడుపు అని ఆమెను ఎవరూ అనలేకపోయింది అందుకే.

మా అమ్మ పోయినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. దవాఖానా నుంచి అమ్మను తెచ్చి వాకిట్లో పడుకోబెట్టారు. యాదమ్మ పెద్దమ్మ గంప కూడా ఇంట్లో దించకుండా వచ్చి కూలబడింది. "తోటకూర కట్ట ఇంత సన్నగున్నదేందే అని దినాం నన్ను తిట్టెదానివి చెల్లే, లావు కట్ట తెచ్చిన, లేసి సూడు చెల్లే" అని ఆమె ఏడుస్తుంటే గల్లీ మొత్తం ఏడ్చింది. నేను ఏడవలేదు. లోపల ఏదో తలుపు వేసేసినట్టు అయింది, గడియ ఎక్కడుందో నాకే తెలియదు. మా మేనత్త నా భుజం పట్టుకుని కుదిపింది. "కన్నతల్లి వోతె కండ్లల్ల నీళ్ళు రావేందే? గుండెనా, రాయా?" అంది. యాదమ్మ పెద్దమ్మ శోకం ఆపి మరీ ఆమెను కసురుకుంది.

"ఊకో వదినా. ఏడుపు అడిగితె వస్తదా? దానికి బుద్ధి వుట్టిన్నాడు వస్తది. పిల్లను గుంజకు."

తర్వాత కొంగు ముడి విప్పి, అందులోంచి ఒక లవంగం తీసి నా నోట్లో పెట్టింది. శోకాలు తీసే గొంతుకు అదే ఆమె మందు. "నమలకు, బుగ్గన వెట్టుకో. పొద్దటిసంది ఏం తినలే నువ్వు" అంది. ఆ రోజు నాకు గుర్తున్న రుచి అదొక్కటే.

ఆ తలుపు అలాగే ఉండిపోయింది. సంవత్సరీకం పెట్టినప్పుడు కూడా ఏడవలేదు. ఘట్‌కేసర్‌లో ఇంజనీరింగ్‌లో చేరాక, కాలేజీ బస్సులో పక్క సీటు పిల్ల ఒకసారి తన ఇయర్‌ఫోన్ ఒకటి నా చెవిలో పెట్టింది. అందులో ఎవరో మనిషి గొంతుతో కాకుండా ఇంకేదో గొంతుతో అరుస్తున్నాడు. ఆ పిల్ల నేను భయపడతానని చూసింది. నాకు మాత్రం లోపలి తలుపును ఎవరో బయటినుంచి బాదుతున్నట్టు అనిపించింది. ఆ రాత్రి నుంచీ నాకు అదే పిచ్చి. ఎవరూ లేనప్పుడు స్నానాల గదిలో దూరి, బకెట్లోకి తల వంచి అరవడం నేర్చుకున్నాను. ఒకరోజు మంచి ఊపులో ఉండగా తలుపు దబదబా మోగింది. తీస్తే యాదమ్మ పెద్దమ్మ. చేతిలో చెంబు, చెంబులో పసుపు కలిపిన వేడినీళ్ళు, మొహంలో చెమట.

"ఏమైందే రజితా? గొంతుల కోడి బొక్క ఇరికిందా?"

"ఏం కాలే పెద్దమ్మా. పాట నేర్సుకుంటున్న."

"పాటనా? గిదేం పాటనే?"

"డెత్ మెటల్ అంటరు."

ఆమె చెంబు గట్టుమీద పెట్టి, కొంగుతో నోరు మూసుకుంది. "డెత్తా? అయ్యో. ఎవలు సచ్చిన్రు బిడ్డా?"

నేను పడీ పడీ నవ్వాను. ఎవరూ చావలేదని, అది ఆ సంగీతం పేరని, తొందర్లో ఉప్పల్‌లోనే కొన్ని బ్యాండ్లు కలిసి పాడబోతున్నాయని, నేనూ పాడతానని చెప్పాను. ఆమెకు ఎంతవరకు ఎక్కిందో తెలియదు. ఫోన్లో పోస్టర్ చూపిస్తే, ముళ్ళు ముళ్ళుగా అల్లిన బ్యాండ్ల పేర్లు చూసి, "పేర్లు రాసిన్రా, ఎండిన కంప వేసిన్రా?" అంది. మా నాన్నకు చెప్తే పేపర్ అడ్డం పెట్టుకున్నాడు. రమ్మని ఎవరినీ పిలవలేదు. కానీ ఆ ఆదివారం ఫంక్షన్ హాల్ సెల్లార్‌లో, నల్ల టీషర్టుల మధ్య, యాదమ్మ పెద్దమ్మ వచ్చి నిలబడింది. వెలిసిన చీర, నూనె పెట్టని జుట్టు, చేతిలో బంతిపూల దండ. డెత్ అన్నారు కదా, ఎవరిదైతేనేం, ఉత్త చేతులతో ఎలా వస్తుంది? నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నిర్వాహకుల్లో ఒకబ్బాయి మాత్రం ఆ దండ తీసుకుని, ఎంతో మర్యాదగా పెద్ద స్పీకర్‌కు వేశాడు. ఆమెకు ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీ కూడా వేశాడు.

ఆమె నాలుగు బ్యాండ్లూ విన్నది. నేను స్టేజీ పక్కనుంచి పాటలకంటే ఆమెనే ఎక్కువ చూశాను. మొదటి బ్యాండుకే కుర్రాళ్ళు ఒకరినొకరు తోసుకుంటూ గుద్దుకోవడం మొదలుపెడితే, లేచి నిలబడి, "అగో, కొట్లాడుతున్నరు, ఆపుర్రి ఎవలన్న!" అని అరిచింది. అంతలో ఒకడు కింద పడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఆగి, చంకల్లో చేతులేసి వాణ్ణి లేపి, చెప్పు ఎక్కడో పోతే వెతికి ఇచ్చి, మళ్ళీ తోసుకున్నారు. అది చూసి ఆమె నెమ్మదించి కూర్చుంది. చావు ఇంట్లో సొమ్మసిల్లిన వాళ్ళను లేపి పట్టుకోవడం ఆమెకు తెలిసిన పనే. చివరికి నా వంతు వచ్చింది. ఏదో యుద్ధం, గుట్టలుగా శవాలు, అంతా ఇంగ్లీషు. నేనే రాశాను. శవాల గుట్ట నేనెన్నడూ చూడలేదు, వాకిట్లో ఒకే ఒక్క శవాన్ని చూశాను. కళ్ళు మూసుకుని అరిచాను. జనం ఊగిపోయారు. కళ్ళు తెరిచేసరికి ఆమె కుర్చీ ఖాళీగా ఉంది.

చెప్పకుండా వెళ్ళిపోయిందని నాకు చెప్పలేనంత బాధయింది. ఇంటికి వచ్చేసరికి గోడకు అటువైపు నుంచి నెత్తిమీద నీళ్ళు గుమ్మరించుకుంటున్న చప్పుడు వినిపించింది. మర్నాడు పొద్దున్నే వెళ్ళి నిలదీశాను. ఆమె గడప ముందు కూర్చుని గోంగూర కట్టలు కడుతోంది.

"నచ్చకపోతె నచ్చలేదని చెప్పాలె గని, చెప్పకుంట పోతవా పెద్దమ్మా?"

"సావుకాడ పోయొస్త అంటరానే? మల్ల అసొంటి దినమే వస్తది. మెల్లగ లేసి రావాలె. వచ్చి తానం జెయ్యాలె." ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మొదటి పిలగాడు ఊకెనే గొంతు చించుకొని ఒర్రిండు. నీ గొంతుల దుఃఖం ఉన్నది. గని ఎవలికి ఏడ్సినవ్?"

"ఎవలికి గాదు. పాట అది."

"ఎవలికి గాకుంట ఎట్ల ఏడుస్తరే? పేరు వెట్టి ఏడ్వాలె. పిలిస్తెనే గద పోయినోళ్ళకు తెలిసేది." గోంగూర కట్టకు దారం బిగించి, మామూలుగా, కూర ధర అడిగినట్టు అడిగింది. "మీ అమ్మ పొద్దుగాల నిన్ను ఏమని లేపేది?"

నేను ఆ మాట ఎన్నడూ తలుచుకోలేదు. అయినా నాలుక చివరే ఉంది. "లేస్తవా, నీళ్ళు సల్లాల్నా, అనేది" అన్నాను. అనడం పూర్తయిందో లేదో తెలియదు. గడప మీద, గోంగూర మీద పడి ఏడ్చాను. అమ్మా అని పిలిచి ఏడ్చాను. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తే, యాదమ్మ పెద్దమ్మ "ఏం లేదు, మీరు వోర్రి" అని పంపేసింది. నన్ను ఓదార్చలేదు. ఆకులు తడిసినా పక్కకు జరపలేదు. ఆ రోజు మార్కెట్‌కు ఆలస్యంగా పోయింది.

ఆ తర్వాత నేను తెలుగులో రాయడం మొదలుపెట్టాను. మొదటి పాట అమ్మకు. బ్యాండు పిల్లలకు కూడా అందులో ఒక్క ముక్క అర్థం కాలేదు, మా సంగీతంలో మాట ఎటూ గర్జనలో మునిగిపోతుంది. యాదమ్మ పెద్దమ్మ మాత్రం ఈసారి దండ లేకుండా, నూనె పెట్టి దువ్వుకున్న జుట్టుతో వచ్చి, అంత మోతలో "నీళ్ళు సల్లాల్నా" అన్న చోట పట్టేసింది. గట్టిగా నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. పక్కనున్న కుర్రాడు ఆమెను చూసి తలూపితే, తనూ తలూపింది. నాకు ఇప్పటికీ అంతకంటే పెద్ద మెప్పు దొరకలేదు.

పోయిన వానల్లో ఆమె నిద్రలోనే పోయింది. నేను వెళ్ళేసరికి అద్దాల పెట్టెలో పడుకోబెట్టారు. కరెంటు పెట్టె సన్నగా గుర్రుమంటోంది, ఎవరో స్పీకర్‌లో భజనలు పెట్టారు. జనం బాగానే వచ్చారు. ఫోన్లు చూసుకుంటూ, ట్రాఫిక్ గురించి చెప్పుకుంటూ కూర్చున్నారు. శోకాలు తీయగలిగినవాళ్ళు ఆమెకంటే ముందే పోయారు, వాళ్ళందరికీ ఆమే ఏడ్చింది. ఆమె కొడుకు మల్లేశన్న నా దగ్గరికి వచ్చి చిన్నగా అన్నాడు, "జర నువ్వన్న ఏడువు చెల్లే. ఊరందరికీ ఏడ్సింది, అమ్మకు ఎవలూ ఏడుస్తలేరు." నేను పెట్టె ముందు కూర్చున్నాను. నోరు తెరిచాను. పెద్దమ్మా అన్న పిలుపే బయటికి రాలేదు. అంత పెద్ద హాళ్ళను అదరగొట్టే గొంతు, ఆ చిన్న వాకిట్లో పనికి రాలేదు. ఎవరికీ చెప్పకుండా మెల్లగా లేచి వచ్చేశాను. ఆమె నేర్పిన పద్ధతి అది, ఆమె దగ్గరే పాటించాల్సి వచ్చింది.

మొన్న షెడ్డులో మా వంతు వచ్చినప్పుడు బుగ్గన లవంగం అలాగే ఉంది. కొత్త పాట. మా డ్రమ్మర్ పిల్లవాడు, "అక్కా, పాట పేరేం చెప్పాలె?" అని అడిగాడు. మైకు దగ్గరికి వెళ్ళి ముందు ఆమెను పిలిచాను. యాదమ్మ పెద్దమ్మో అని, కడుపులో ఉన్న గాలంతా పెట్టి పిలిచాను. వానాకాలం నుంచి ఆగిపోయిన మాట అది. ఎవలు సచ్చిన్రు అని ఉరికొచ్చెటిదానివి, నువ్వు వోతె ఎవలు ఉరికొస్తరు పెద్దమ్మో. పసుపు నీళ్ళ చెంబు ఎవలు తెస్తరు పెద్దమ్మో. గొంతు గరగరల్లోనే అసలు ఏడుపు కలిసిపోయింది, ఏది ఏదో నాకే తెలియలేదు. ముందున్న కుర్రాళ్ళకు ఒక్క మాట అర్థమై ఉండదు. అయినా ఊగారు, తోసుకున్నారు. ఒకడు పడ్డాడు, అందరూ లేపారు.

పాట అయ్యాక పిల్లలు నాలుగో బ్యాండు వినమని చేయి పట్టుకున్నారు. నేను ఉండలేదు. గుమ్మం దాకా వెళ్ళాను. ఇలాంటి చోట చెప్పకూడని మాట ఏమిటో నాకు తెలుసు, ఎందుకు చెప్పకూడదో కూడా ఆమే చెప్పింది. కానీ ఆమె పేరు పెట్టి పిలిచే ఇసొంటి దినం మళ్ళీ రావాలి, ఎన్నిసార్లైనా రావాలి. నాకు ఆమెను చూసే దారి ఇక అదొక్కటే. వెనక్కి తిరిగి, ఖాళీగా ఉన్న ఒక ప్లాస్టిక్ కుర్చీ వైపు చూసి, గట్టిగానే అన్నాను.

"పోయొస్త పెద్దమ్మా."